చిన్న పెన్షన్ నిధులు: ఎంత పన్ను అనేది ఏ ఏడాది తీసుకున్నారన్న దాన్ని బట్టే

జవాబంతా మీరిచ్చిన అంకెల మీదే ఆధారపడి ఉంది కాబట్టి, మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా మళ్లీ చెబుతాను. యూకేలోని లెస్టర్‌లో ఉంటున్న మీ నాన్నగారికి 64 ఏళ్లు. 2025 మార్చిలో ఉద్యోగం మానేశారు. స్టేట్ పెన్షన్, అంటే ప్రభుత్వం ఇచ్చే పెన్షన్, 67 ఏళ్లకు మొదలవుతుంది. ఆయన పేరున మూడు చిన్న ప్రైవేటు పెన్షన్ నిధులున్నాయి. ఒక బీమా కంపెనీలో 1990ల నాటి వ్యక్తిగత పెన్షన్ 9,600 పౌండ్లు, పాత యజమాని పథకంలో 7,800 పౌండ్లు, ఆఖరి ఉద్యోగంలో ఆటో ఎన్‌రోల్‌మెంట్ (యజమానే ఉద్యోగిని పెన్షన్‌లో చేర్చే పద్ధతి) ద్వారా చేరిన మాస్టర్ ట్రస్టులో (పలు కంపెనీలకు ఉమ్మడిగా నడిచే పెన్షన్ పథకంలో) 4,200 పౌండ్లు. గుంటూరులో ఉన్న ఇంటి అద్దె ఖర్చులు పోను ఏడాదికి సుమారు 2,400 పౌండ్లు మిగులుతుంది. ‘నాలుగో వంతుకు పన్ను లేదు, మిగతా మూడు వంతులకు పన్ను పడుతుంది’ అని కంపెనీ వారు ఫోన్‌లో చెప్పారని, అలాంటప్పుడు మూడూ ఒకేసారి తీసేసుకుంటే పని అయిపోతుంది కదా అని మీరు అడిగారు.

కంపెనీ వారు చెప్పినది అబద్ధం కాదు, కానీ అది సగమే. మిగతా మూడు వంతులు ‘పన్ను పడే ఆదాయం’ కిందకు వస్తాయన్నది నిజం. అంతమాత్రాన వాటిపై పన్ను కట్టి తీరాలని కాదు. ఆ ఏడాది ఆయనకున్న ఇతర ఆదాయంతో కలిపి మొత్తం 12,570 పౌండ్ల పర్సనల్ అలవెన్స్ (ఏడాదికి పన్ను పడని ఆదాయ పరిమితి) దాటకపోతే, కట్టాల్సిన పన్ను సున్నా. ఉద్యోగం మానేసిన రోజుకీ స్టేట్ పెన్షన్ మొదలయ్యే రోజుకీ మధ్య ఉన్న ఈ రెండు మూడేళ్లలో మీ నాన్నగారి అలవెన్స్ దాదాపు ఖాళీగా పడి ఉంటుంది. వాడుకోని అలవెన్స్ మరుసటి ఏడాదికి బదిలీ కాదు, పన్ను సంవత్సరం ముగిసే ఏప్రిల్ 5తో పోతుంది. ఈ విషయంలో చిన్న నిధులున్నవారికి దొరికే అసలైన వెసులుబాటు ఇదే. దాన్ని ఎవరూ ఉత్తరం రాసి గుర్తు చేయరు. పెన్షన్ల పరిపాలనలో పనిచేసినన్నాళ్లూ నేను ఎక్కువగా చూసింది, ఈ ఖాళీ ఏళ్లను ఊరికే వదిలేసి, స్టేట్ పెన్షన్ మొదలయ్యాక ‘ఇక ఇవి కూడా తీసుకుందాం’ అని దరఖాస్తు పంపినవారినే.

లెక్క చూద్దాం. మూడు నిధులూ కలిపి 21,600 పౌండ్లు. అందులో నాలుగో వంతు తీసేస్తే పన్ను లెక్కలోకి వచ్చేది 16,200. ఇదంతా ఈ ఒక్క పన్ను సంవత్సరంలోనే తీసుకుంటే, అద్దె 2,400తో కలిపి 18,600 అవుతుంది. అలవెన్స్ పోను 6,030 పౌండ్లపై 20 శాతం చొప్పున 1,206 పౌండ్ల పన్ను పడుతుంది. ఇప్పుడేమీ తీయకుండా 67 ఏళ్లు వచ్చేదాకా ఆగితే పరిస్థితి ఇంకా నష్టంగా ఉంటుంది. పూర్తి కొత్త స్టేట్ పెన్షన్ 2025–26లో వారానికి 230.25 పౌండ్లు, అంటే ఏడాదికి 11,973. 2026–27లో అది వారానికి 241.30, ఏడాదికి 12,547.60. పర్సనల్ అలవెన్స్ మాత్రం 2031 ఏప్రిల్ వరకు 12,570 దగ్గరే స్తంభించి ఉంటుంది. మీ నాన్నగారికి పూర్తి స్టేట్ పెన్షన్‌కు కావలసిన 35 ఏళ్ల నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి ప్రభుత్వానికి కట్టే చందా) లేకపోయినా, 30 ఏళ్లున్నా సరే, వచ్చే పెన్షన్‌కు గుంటూరు అద్దె తోడైతే అలవెన్స్ నిండిపోతుంది. అప్పుడు పెన్షన్ నిధుల నుంచి వచ్చే, పన్ను పడే ప్రతి పౌండులో అయిదో వంతు పోతుంది, మొత్తంగా దాదాపు 3,240 పౌండ్లు.

అదే మొత్తాన్ని రెండు పన్ను సంవత్సరాలకు పంచితే పన్ను ఏమీ పడదు. అద్దె పోగా ఆయనకు మిగిలే అలవెన్స్ ఏటా 10,170 పౌండ్లు. మూడు వంతులకే పన్ను లెక్క కాబట్టి, ఏటా 13,560 పౌండ్ల వరకు పెన్షన్ నిధి తీసుకున్నా పన్ను పడదు. (అద్దె కూడా లేనివారికైతే ఈ హద్దు 16,760 పౌండ్లు.) ఇక ఏది ముందు, ఏది తరువాత అన్నది మిగిలింది. పెద్దదీ చిన్నదీ కలిపి 9,600, 4,200 ఈ ఏడాది తీసుకుందామని ఎవరికైనా అనిపించవచ్చు. అవి 13,800 అవుతాయి, హద్దు కాస్త దాటి 36 పౌండ్ల పన్ను పడుతుంది. నా సలహా వేరు. ఈ ఏడాది 9,600 ఒక్కటే తీసుకోండి, ఏప్రిల్ 6 దాటాక మిగతా రెండూ కలిపి తీసుకోండి. మొదటి ఏడాది పన్ను పడే ఆదాయం 7,200కు అద్దె 2,400 కలిసి 9,600. రెండో ఏడాది 9,000కు 2,400 కలిసి 11,400. రెండూ అలవెన్స్ లోపలే ఉన్నాయి, పైగా రెండో ఏడాదిలో ఆ రెండు నిధులూ కొంత పెరిగినా ఇబ్బంది లేనంత ఖాళీ ఉంది.

పెద్దదాన్నే ముందు తీయమనడానికి ఇంకో బలమైన కారణం ఉంది. ‘స్మాల్ పాట్’ (చిన్న నిధి) నిబంధన కింద తీసుకోవాలంటే చెల్లింపు జరిగే రోజున ఆ నిధి విలువ 10,000 పౌండ్లు మించకూడదు. 9,600 అన్నది ఆ గీతకు మరీ దగ్గరగా ఉంది. మార్కెట్ నాలుగైదు శాతం పెరిగితే అది గీత దాటేస్తుంది, అప్పుడు ఆ దారి మూసుకుపోయినట్లే. దరఖాస్తు పంపాక కూడా విలువ మారుతూనే ఉంటుంది కాబట్టి, ఆ కంపెనీలో అవకాశం ఉంటే ముందు నిధిని నగదు ఫండ్‌లోకి మార్చమని అడిగి, తరువాత దరఖాస్తు పంపడం మంచిది.

ఈ నిబంధన గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దరఖాస్తు ఫారంలో ఏ గడిలో టిక్కు పెడతారన్న దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. నిధి మొత్తాన్ని ఒకేసారి నగదుగా తీసుకోవడానికి మామూలుగా రెండు దారులుంటాయి. ఒకటి స్మాల్ పాట్ లంప్ సమ్. రెండోది 2015 ఏప్రిల్‌లో పెన్షన్ స్వేచ్ఛ పేరుతో వచ్చిన పద్ధతి, ఫారాల్లో దాన్ని యూఎఫ్‌పీఎల్‌ఎస్ అని రాస్తారు. రెండింటిలోనూ నాలుగో వంతుకు పన్ను ఉండదు, రెండింటిలోనూ మిగతాది ఆదాయంగానే లెక్క. చేతికి వచ్చే తీరులో మాత్రం తేడా ఉంది. స్మాల్ పాట్‌గా చెల్లిస్తే కంపెనీ సాధారణంగా 20 శాతం బేసిక్ రేటు మాత్రమే పట్టుకుంటుంది. 9,600లో పన్ను లెక్కకు వచ్చే 7,200పై అది 1,440 పౌండ్లు. యూఎఫ్‌పీఎల్‌ఎస్‌గా చెల్లిస్తే, సరైన పన్ను కోడ్ (ఎంత పన్ను పట్టుకోవాలో కంపెనీకి చెప్పే సంకేతం) చేతిలో లేని కంపెనీ ఎమర్జెన్సీ కోడ్ వాడుతుంది. అంటే ఆ 7,200 మీ నాన్నగారికి ప్రతి నెలా వచ్చే జీతమన్నట్టుగా లెక్క వేస్తుంది. ఏడాది అలవెన్స్‌లో పన్నెండో వంతు, అంటే సుమారు 1,047 పౌండ్లే వదిలి, తరువాతి 3,141 పౌండ్లపై 20 శాతం, మిగిలినదానిపై 40 శాతం తీసేస్తుంది. మొత్తం సుమారు 1,830 పౌండ్లు పోతుంది. ఆయన కట్టాల్సింది సున్నా అయినప్పుడు ఈ రెండింటిలో ఏది పట్టుకున్నా తిరిగి వస్తుంది, నిజమే. కానీ అన్నాళ్లు అంత డబ్బు మన చేతిలో లేకుండా ఉండటం రిటైరైన ఇంట్లో చిన్న విషయం కాదు.

అంతకంటే ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. యూఎఫ్‌పీఎల్‌ఎస్ ఒక్కసారి తీసుకుంటే, ఆ తరువాత డిఫైన్డ్ కాంట్రిబ్యూషన్ (జమ చేసిన సొమ్మే నిధిగా పెరిగే రకం) పెన్షన్లలో పన్ను రాయితీతో జమ చేసుకోగల వార్షిక పరిమితి 60,000 నుంచి 10,000 పౌండ్లకు పడిపోతుంది. స్మాల్ పాట్ తీసుకుంటే ఈ పరిమితి మారదు. మీ నాన్నగారు మళ్లీ ఉద్యోగం చేసే ఆలోచనలో లేకపోవచ్చు, కానీ ఈ పేజీ చదివే మరొకరు యాభై ఎనిమిదేళ్లకు ఉద్యోగం మారుతూ పాత కంపెనీ నిధిని తీసేసుకుందామని అనుకుంటూ ఉండవచ్చు. ఐటీ రంగంలో రెండు మూడేళ్లకోసారి ఉద్యోగం మారి, 2012లో ఆటో ఎన్‌రోల్‌మెంట్ మొదలైనప్పటి నుంచి నాలుగైదు చోట్ల చిన్న నిధులు పోగుపడిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. వారు ఈ ఒక్క తేడాను తప్పకుండా గుర్తుంచుకోవాలి. ఎక్కడెక్కడ ఉన్నాయో మరిచిపోయినవారు ప్రభుత్వం ఉచితంగా నడిపే పెన్షన్ ట్రేసింగ్ సర్వీస్‌లో పాత యజమాని పేరుతో వెతకవచ్చు. డబ్బు అడిగే ప్రైవేటు వెతుకులాట సంస్థలతో అవసరం లేదు.

వ్యక్తిగత పెన్షన్ల నుంచి స్మాల్ పాట్‌ను జీవితకాలంలో మూడుసార్లే తీసుకోవచ్చు. యజమాని పథకాలకు ఈ లెక్క వర్తించదు, నెస్ట్ వంటి మాస్టర్ ట్రస్టులు కూడా యజమాని పథకాల కోవలోకే వస్తాయి. కాబట్టి మీ నాన్నగారికి 9,600 నిధి ఒక్కటే ఆ మూడింటిలో ఒకటిగా ఖర్చవుతుంది. చెల్లింపుతో ఆ నిధిలో ఆయన హక్కు పూర్తిగా ముగిసిపోవాలి, సగం తీసుకుని సగం ఉంచుకోవడం ఈ పద్ధతిలో కుదరదు. స్మాల్ పాట్‌లోని పన్ను లేని నాలుగో వంతు 268,275 పౌండ్ల జీవితకాల పరిమితిలో కలవదు, అయితే ఇంత చిన్న మొత్తాలున్నవారికి ఆ సంగతి పెద్దగా పట్టదు. పాత యజమాని పథకం ఫైనల్ శాలరీ (ఆఖరి జీతాన్ని బట్టి పెన్షన్ ఇచ్చే) రకమై, అందులోంచి ఇప్పటికే నెలనెలా చిన్న పెన్షన్ వస్తుంటే మాత్రం, దాన్ని ఏకమొత్తంగా మార్చుకున్నప్పుడు నాలుగో వంతు రాయితీ ఉండదు, మొత్తం ఆదాయమే. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ 7,800 ఇంకా ముట్టుకోనిదే.

1990ల నాటి ఆ 9,600 పౌండ్ల పాలసీ గురించి ఒక గట్టి హెచ్చరిక. దరఖాస్తు సంతకం చేసే ముందు కంపెనీకి ఉత్తరం రాసి, ‘ఈ పాలసీలో గ్యారంటీడ్ యాన్యుటీ రేటు ఉందా, ఉంటే ఎంత, ఏ వయసులో’ అని రాతపూర్వకంగా అడగండి. వడ్డీ రేట్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో అమ్మిన కొన్ని పాలసీలలో, రిటైరైనప్పుడు నిధిలో ఇంత శాతం ఏడాదికి చచ్చేదాకా ఇస్తామన్న హామీ ఉండేది. అది ఈ రోజు మార్కెట్లో దొరికే దానికంటే చాలా మెరుగ్గా ఉండవచ్చు. నగదుగా తీసుకున్న క్షణంలో ఆ హామీ పోతుంది. 30,000 పౌండ్లకు మించిన హామీ ప్రయోజనాలైతే స్వతంత్ర ఆర్థిక సలహా తీసుకోవాలని చట్టమే పట్టుబడుతుంది. అంతకంటే తక్కువైతే ఆ అడ్డు కూడా ఉండదు, కాబట్టి మనమే అడగాలి. హామీ ఉందని తేలితే పైన చెప్పిన క్రమాన్ని మార్చి, ఆ పాలసీని పక్కన పెట్టి, మిగతా రెండూ ముందు తీసుకోవచ్చు. మొత్తం 12,000 కాబట్టి ఈ ఏడాదిలోనే పన్ను లేకుండా సరిపోతాయి. యాభై ఏళ్లు దాటినవారికి పెన్షన్ వైజ్ అనే ప్రభుత్వ సేవలో ఉచితంగా ఒక అపాయింట్‌మెంట్ దొరుకుతుంది. అక్కడ ఏం కొనమనీ చెప్పరు, కానీ ఇలాంటి ప్రశ్నలు ఏవేవి అడగాలో ఓపికగా చెబుతారు.

గుంటూరు అద్దె విషయాన్ని నేను ప్రతి లెక్కలోనూ కలిపినందుకు మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. యూకేలో స్థిరంగా నివసించేవారికి ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడి పన్ను లెక్కలోకి వస్తుంది, ఆ డబ్బు ఇండియాలోనే ఖర్చయినా సరే. ఇంటి అద్దె, పొలం కౌలు, బ్యాంకు డిపాజిట్ల వడ్డీ అన్నీ ఇందులో ఉంటాయి. ముఖ్యంగా ఎన్‌ఆర్‌ఈ (విదేశాల్లో ఉన్నవారు ఇండియాలో తెరిచే ఖాతా) డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడా లేదనుకునేవారు మన సమాజంలో చాలామంది ఉన్నారు. అది తప్పు, ఇక్కడ పన్ను ఉంది. పాత ఏళ్ల అద్దెను హెచ్‌ఎంఆర్‌సీకి (యూకే పన్ను శాఖకు) ఎప్పుడూ చెప్పి ఉండకపోతే, పెన్షన్ పన్ను వాపసు అడిగే ముందే ఆ సంగతి సరిచేసుకోండి. వాపసు దరఖాస్తులో ఇతర ఆదాయాలన్నీ రాసి సంతకం చేయాల్సి ఉంటుంది.

వడ్డీ ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఇప్పటికే స్టేట్ పెన్షన్ తీసుకుంటున్నవారి కోసం ఒక చాటు ఖర్చును చూపిస్తాను. 2025–26లో 11,973 స్టేట్ పెన్షన్, 4,000 బ్యాంకు వడ్డీ ఉన్న వ్యక్తి ఏ పన్నూ కట్టడు. పెన్షన్ పోగా మిగిలిన అలవెన్స్, ఆ పైన తక్కువ ఆదాయం ఉన్నవారి వడ్డీకి ఇచ్చే 5,000 పౌండ్ల సున్నా రేటు కలిసి వడ్డీనంతా కాపాడతాయి. ఆ వ్యక్తి 9,600 నిధి తీసుకుంటే నిధిపై పడే పన్ను 1,320 పౌండ్ల చిల్లర. అక్కడితో ఆగదు. పెన్షన్ ఆదాయం అలవెన్స్ కంటే 5,000కు పైగా దాటింది కాబట్టి ఆ సున్నా రేటు పూర్తిగా పోతుంది, వడ్డీలో 1,000 మాత్రమే మినహాయింపు పొంది మిగతా 3,000పై మరో 600 పన్ను పడుతుంది. పెన్షన్ కంపెనీ ఉత్తరంలో ఈ 600 ఎక్కడా కనబడదు. స్కాట్లాండ్‌లో ఉంటున్నవారికి పెన్షన్ ఆదాయంపై రేట్లు వేరుగా ఉంటాయి కాబట్టి ఈ అంకెలను అలాగే వాడకండి.

వాపసు సంగతికి వస్తే, చెల్లింపు తరువాత కంపెనీ పీ45 పంపుతుంది. చెల్లించిన తేదీ, పన్ను లెక్కకు తీసుకున్న మొత్తం, పట్టుకున్న పన్ను అందులో ఉంటాయి. ఆ మొత్తం 7,200గా ఉందో, పొరపాటున 9,600గా ఉందో ముందు చూసుకోండి. స్మాల్ పాట్ వాపసుకు పీ53 ఫారం. యూఎఫ్‌పీఎల్‌ఎస్‌గా నిధి మొత్తం తీసుకుని ఇతర ఆదాయం ఉన్నవారికి పీ53జెడ్, ఇతర ఆదాయమేమీ లేనివారికి పీ50జెడ్, నిధిలో కొంతే తీసుకున్నవారికి పీ55. ఫారం మారితే దరఖాస్తు తిరిగి వస్తుంది. సెల్ఫ్ అసెస్‌మెంట్ రిటర్న్ వేసేవారు అందులోనే లెక్క తేల్చుకోవచ్చు. ఏ సంవత్సరం లెక్కలోకి వస్తుందన్నది దరఖాస్తు పంపిన తేదీని బట్టి కాదు, చెల్లింపు జరిగిన తేదీని బట్టి నిర్ణయమవుతుంది. మార్చిలో పంపిన కాగితాలు కంపెనీ బల్లపై నానుతూ ఏప్రిల్ 10న చెల్లింపుగా మారితే, మూడు నిధులూ ఒకే ఏడాదిలో పడి మన పంపకం అంతా దెబ్బతింటుంది. అందుకే మొదటి దరఖాస్తు జనవరి దాటకుండా పంపండి, రెండో విడత కాగితాలు ఏప్రిల్ 6 తరువాతే పంపండి.

మీ అమ్మగారి గురించి ఒక వాక్యమే రాశారు, కానీ ఆమె విషయమే తేలిక. 58 ఏళ్లు, పార్ట్ టైమ్ జీతం 9,000, పాత ఉద్యోగం నాటి నిధి 3,800. అందులో 2,850 పన్ను లెక్కకు వస్తుంది, మొత్తం 11,850, అలవెన్స్ లోపలే. ఆమె ఇంకా ఇప్పటి యజమాని పెన్షన్‌లో జమ చేస్తున్నారు కాబట్టి స్మాల్ పాట్ గడిలోనే టిక్కు పెట్టించండి. ఇప్పుడు తీసుకోవాలా, వద్దా అన్నది మాత్రం డబ్బు అవసరాన్ని బట్టే. యూనివర్సల్ క్రెడిట్ వంటి సహాయం అందుకునే ఇంట్లో ఇంకా ఆలోచించాలి. స్టేట్ పెన్షన్ వయసు రాకముందు, ముట్టుకోని పెన్షన్ నిధిని ఆ సహాయం నిర్ణయించేటప్పుడు లెక్కలోకి తీసుకోరు. తీసి బ్యాంకులో వేస్తే అది పొదుపు అవుతుంది. 6,000 పౌండ్లు దాటిన పొదుపు సహాయాన్ని తగ్గిస్తుంది, 16,000 దాటితే ఆపేస్తుంది.

55 ఏళ్లు నిండకముందే పెన్షన్ విడిపిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. పెన్షన్ల గురించి అలా అయాచితంగా ఫోన్ చేయడం 2019 జనవరి నుంచి నిషిద్ధం. అలా తీసిన డబ్బుపై పన్ను 55 శాతం వరకు పడుతుంది. ఆ 55 ఏళ్ల వయసు హద్దు కూడా 2028 ఏప్రిల్ 6 నుంచి 57 అవుతుంది.

చివరగా, నాన్నగారు గుంటూరు వెళ్లి స్థిరపడే ఆలోచన ఉందని రాశారు. వీలైతే రెండు విడతలూ తీసుకుని, వాపసులు కూడా అందిన తరువాతే వెళ్లమనండి. ఇండియా నివాసి అయ్యాక తీసుకుంటే, రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం ఏ దేశానికి హక్కు ఉందో తేల్చాలి. నెలనెలా వచ్చే పెన్షన్‌కు వర్తించే నియమమే ఏకమొత్తానికీ వర్తిస్తుందని అనుకుని ముందుకు వెళ్లకూడదు. యూకేలో పన్ను లేని నాలుగో వంతుకు ఇండియాలోనూ అదే మినహాయింపు ఉంటుందన్న హామీ లేదు. చాలా ఏళ్లు బయట ఉండి తిరిగి వచ్చినవారికి మొదట్లో ‘రెసిడెంట్ బట్ నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్’ హోదా కొంతకాలం ఉంటుంది, ఆ కాలంలో విదేశీ ఆదాయానికి ఇండియాలో చాలావరకు పన్ను ఉండదు. అది ఆయనకు ఎన్నేళ్లు వర్తిస్తుందో అక్కడి చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గర ముందే లెక్క వేయించండి. బయలుదేరేటప్పుడు హెచ్‌ఎంఆర్‌సీకి పీ85 ఫారం పంపాలి. చాలా పెన్షన్ కంపెనీలు యూకే బ్యాంకు ఖాతాకే డబ్బు పంపుతాయి కాబట్టి, ఆఖరి వాపసు జమ అయ్యేదాకా ఇక్కడి ఖాతాను మూయకండి, పాత చిరునామాకు వచ్చే ఉత్తరాలను తెరిచి చూసే బాధ్యతను మీరే తీసుకోండి.